పట్టీ సేవ్ చేయగానే స్క్రీను బిగుసుకుపోతే: వెనక పనులకు ఒక క్యూ, ఒక వర్కర్ థ్రెడ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి పైథాన్, టికింటర్‌లతో (పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) బిల్లింగ్ ప్రోగ్రాం రాశారు. గుమస్తా పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క కాగితం) సేవ్ చేయగానే మూడు పనులు జరగాలి: ప్రింటరులో కాగితం రావాలి, రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి, పీడీఎఫ్ కాపీ ఒకటి సర్వరుకు ఎక్కాలి. అన్నీ బటన్ నొక్కిన చోటే చేస్తే స్క్రీను బిగుసుకుపోతోందని ప్రతి పనికీ ఒక కొత్త థ్రెడ్ (ప్రోగ్రాం లోపల మిగతావాటితో పాటే విడిగా నడిచే పని ధార) మొదలుపెట్టారు. స్క్రీను బాగుపడింది. సీజన్ మొదలయ్యాక మాత్రం కొందరు రైతులకు మెసేజీలు వెళ్లడం లేదు, కొందరికి సవరించిన పట్టీ ముందు, పాతది తర్వాత వెళ్తున్నాయి, కరెంటు పోయి వచ్చాక ఏవి వెళ్లాయో ఏవి వెళ్లలేదో తెలియడం లేదు. థ్రెడ్ పూల్ (కొన్ని థ్రెడ్లకు పనులు పంచే ఏర్పాటు) పెట్టాలా, సెలరీ (వెనక పనులను వేరే ప్రాసెస్‌లకు పంచే లైబ్రరీ) పెట్టాలా అంటున్నారు.

రెండూ వద్దండి, కనీసం ఇప్పుడు వద్దు. నెమ్మదిగా నడిచే ప్రతిదానికీ ఒక క్యూ (పనులు వచ్చిన వరసలో నిలబడే చోటు), దాని దగ్గర ఆ పనులు ఒక్కొక్కటీ తీసి చేసే ఒకే ఒక్క వర్కర్ థ్రెడ్, పోతే ఊరుకోలేని పనులకు ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) ఒక టేబుల్. మీకు కావలసింది ఇంతే. ఇందులో థ్రెడ్ రాయడం చిన్న భాగం. ఒక పని ఏ క్షణంలో ఎవరి పూచీలో ఉందో తేల్చుకోవడమే పెద్ద భాగం, మీ మూడు ఇబ్బందులూ అది తేల్చకపోవడం వల్ల వచ్చినవే.

పనికో థ్రెడ్ అంటే పంపించి చేతులు దులుపుకోవడం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డుకు లక్ష టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పైగా దిగే రోజులుంటాయి. కాటాలు ముగిసి పట్టీలు కొట్టే సమయంలో మీ ఒక్క దుకాణంలోనే పదుల థ్రెడ్లు ఒకేసారి నెట్ మీద పడతాయి. ముందు మొదలైంది ముందు ముగియాలన్న నియమం వాటికి లేదు. సవరించిన పట్టీ మెసేజీకి గేట్‌వే (ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే సర్వీసు) వెంటనే జవాబిచ్చి, పాతదానికి ఎనిమిది సెకన్లు తీసుకుంటే, రైతు ఫోనులో చివరగా వచ్చి పైన కనిపించేది పాత మొత్తమే. ఆయన ఆ ఫోను పట్టుకుని దుకాణానికి వస్తే మాట పడేది గుమస్తా, మీరు కాదు.

మెసేజీలు అసలే వెళ్లకపోవడం వేరే సంగతి. పైథాన్‌లో ఒక థ్రెడ్ లోపల ఎర్రర్ వచ్చి ఎవరూ పట్టుకోకపోతే ఆ థ్రెడ్ ఒక్కటే చనిపోతుంది, మిగతా ప్రోగ్రాం ఏమీ జరగనట్టు నడుస్తుంది. చనిపోతూ అది చెప్పే మాట స్టాండర్డ్ ఎర్రర్‌లో (ప్రోగ్రాం తన తప్పులు రాసే చోటు, మామూలుగా కన్సోల్) పడుతుంది. మీరు పైఇన్‌స్టాలర్‌తో, నల్ల కన్సోల్ కనపడకుండా ఎగ్జీ చేసి ఇచ్చామన్నారు. అలా చేసిన ప్రోగ్రాంకు విండోస్‌లో స్టాండర్డ్ ఎర్రరే ఉండదు. అంటే ఆ థ్రెడ్ల చివరి మాట ఎవరికీ వినపడలేదు. సగం కథ ఇక్కడే ఉందని నా అనుమానం. పైథాన్ 3.8 నుంచి థ్రెడింగ్ మాడ్యూల్‌లో ఎక్సెప్ట్ హుక్ (థ్రెడ్‌లో ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే నడిచేది) ఉంది, దానికి మీ సొంత ఫంక్షన్ తగిలించి లాగ్ ఫైలుకు రాయించండి. మిగతాది మార్చడానికి నెల పట్టినా సరే, ఇది మాత్రం ఇవాళే చేయండి.

ఇక క్యూలు. మూడు పనులనూ ఒకే క్యూలో వేయకండి. పట్టీ కాగితం కోసం రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు, అది రెండు మూడు సెకన్లలో రావాలి. నెట్ సరిగా లేక ముప్పై సెకన్లు వేచి చూస్తున్న ఎస్సెమ్మెస్ ఒకటి దానికి ముందు కూర్చుంటే ఇంత శ్రమా దండగ. ప్రింటరుకు ఒక క్యూ, ఒక థ్రెడ్. నెట్ పనులకు ఇంకొక జత. అప్‌లోడ్లు పెద్దవై మెసేజీలను ఆపుతున్నాయనిపిస్తే అప్పుడు వాటినీ విడదీయండి, ముందే కాదు. ప్రింటరు దగ్గర ఒకే థ్రెడ్ ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. డాట్ మాట్రిక్స్ ప్రింటరుకు పోర్టు తెరిచి నేరుగా రాసే కోడ్ మీది. రెండు థ్రెడ్లు కలిసి రాస్తే ఒక రైతు పట్టీ మధ్యలో ఇంకో రైతు తూకం అచ్చవుతుంది. లాక్ పెట్టి ఆపవచ్చు. కానీ ఒకే థ్రెడ్ చేతిలో ఉన్నదానికి లాక్ అక్కరే లేదు, లాకులు తక్కువున్న ప్రోగ్రాం నుంచి అర్ధరాత్రి ఫోన్లూ తక్కువే వస్తాయి.

వర్కర్ లోపల ఉండేది చిన్న లూప్. క్యూ మాడ్యూల్‌లోని క్యూ క్లాస్‌నే వాడండి, లిస్టు పెట్టుకుని మీరు లాక్ రాసుకోవద్దు. గెట్ పిలిస్తే పని వచ్చేదాకా థ్రెడ్ నిద్రపోతుంది, సీపీయూ తినదు. పని వచ్చాక దాన్ని ట్రైలో చేయండి, ఎక్సెప్ట్‌లో పూర్తి ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ లైన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితా) లాగ్‌కు రాయండి, ఫైనల్లీలో టాస్క్ డన్ (ఒక పని ముగిసిందని క్యూకు చెప్పేది) పిలిచి మళ్లీ గెట్ దగ్గరికి వెళ్లండి. ఆ ట్రై లూప్‌కు లోపల ఉండాలి. బయట ఉంటే మొదటి ఎర్రర్‌కే లూప్ ముగిసి వర్కర్ వెళ్లిపోతుంది. క్యూలో పనులు పడుతూనే ఉంటాయి, తీసేవాళ్లుండరు, స్క్రీను మాత్రం చక్కగా తిరుగుతుంటుంది. సాయంత్రం ఎవరో అడిగేదాకా తెలియదు. టాస్క్ డన్ ఫైనల్లీలో ఉండాలనడం కూడా పట్టింపు కాదు: ఎర్రర్ వచ్చిన ఒక్కసారి అది తప్పిపోయినా లెక్క సరిపోక, క్యూ మీద జాయిన్ (పనులన్నీ ముగిసేదాకా ఆగేది) పిలిచిన చోట ప్రోగ్రాం ఎప్పటికీ ఆగిపోతుంది.

క్యూలో వేసేది సాదా డేటా కావాలి. పట్టీ నంబరు, చేయాల్సిన పని, అంతే. మీ కోడ్‌లో థ్రెడ్ లోపలి నుంచి రైతు పేరు ఉన్న ఎంట్రీ బాక్స్‌ను చదువుతున్నారు. థ్రెడ్ చదివే వేళకు గుమస్తా తర్వాతి రైతు పేరు కొట్టడం మొదలుపెట్టి ఉంటాడు. ఒకరి లాట్ మొత్తం ఇంకొకరి పేరుతో వెళ్లడానికి అంతకంటే కారణం అక్కరలేదు. డిక్షనరీ పంపినా ఇదే ప్రమాదం, తర్వాతి పట్టీకి అదే డిక్షనరీని తిరిగి నింపుతుంటే వర్కర్ చూసేది కొత్త విలువల్నే. నంబరు మాత్రం పంపండి, మిగతాది వర్కర్ డేటాబేస్‌లో చదువుకుంటుంది.

అలా చదవబోతే ఎస్‌క్యూలైట్ అడ్డం తిరుగుతుంది, కంగారు పడకండి. ఒక థ్రెడ్‌లో తెరిచిన కనెక్షన్‌ను ఇంకో థ్రెడ్‌లో వాడితే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. ఈ తనిఖీ చేసే చెక్ సేమ్ థ్రెడ్ అనే సెట్టింగును ఫాల్స్ చేయమని చాలామంది చెబుతారు, అది ఎర్రర్‌ను తీసేస్తుంది గానీ ఇబ్బందిని తీయదు. వర్కర్ మొదలయ్యాక, దాని ఫంక్షన్ లోపలే తన సొంత కనెక్షన్ తెరవనివ్వండి.

స్క్రీను వైపు నియమం ఒకటే: టికింటర్ విడ్జెట్లను (స్క్రీను మీది బటన్లు, బాక్సులు) వర్కర్ ముట్టుకోకూడదు. పని అయిందనో కాలేదనో చూపించాలంటే ఫలితాల కోసం ఇంకో క్యూ పెట్టి వర్కర్ చేత అందులో వేయించండి. మెయిన్ థ్రెడ్ (స్క్రీనును నడిపేది) టికింటర్‌లోని ఆఫ్టర్ టైమరు ద్వారా 200 మిల్లీసెకన్లకోసారి దాన్ని గెట్ నోవెయిట్‌తో (క్యూ ఖాళీగా ఉంటే ఆగకుండా వెనక్కి వచ్చే గెట్) ఖాళీ చేసి స్క్రీను మారుస్తుంది.

ఇప్పుడు కరెంటు. దీనికి క్యూ జవాబు కాదు, అది మెమరీలో ఉంటుంది. మెమరీలో ఉన్నది కరెంటుతో పాటే పోతుంది. కాబట్టి ప్రతి పనినీ ఒక్క ప్రశ్న అడగండి: ఇది పోతే పర్లేదా? ప్రింటు పోతే పర్లేదు, గుమస్తా మళ్లీ నొక్కుతాడు, కాగితం రాలేదని ఆయనకు కళ్లెదుటే తెలుస్తుంది. మెసేజీ పోతే ఎవరికీ తెలియదు, అందుకే దాన్ని పోనివ్వకూడదు. పోకూడని పనులకు ఒక టేబుల్ తయారుచేయండి: పట్టీ నంబరు, పని రకం, స్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించింది, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి, చివరి ఎర్రర్. పట్టీని సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే ఈ టేబుల్‌లోనూ ఒక వరుస వేయండి. రెండూ కలిసి కమిట్ (డేటాబేస్‌లో ఖాయం) అవుతాయి, లేదా రెండూ అవవు. పట్టీ ఉండి మెసేజీ మరిచిపోవడం అన్న స్థితి అప్పుడిక ఉండదు. దీన్ని ట్రాన్సాక్షనల్ అవుట్‌బాక్స్ అంటారు. పేరు బరువుగా ఉంది గానీ ఉన్నది ఒక టేబులూ ఒక ఇన్సర్టూ.

టేబుల్ వచ్చాక నెట్ వర్కర్‌కు మెమరీ క్యూ దాదాపు అనవసరం. పని జాబితా టేబులే. కొత్త వరుస పడిందని వర్కర్‌ను లేపడానికి ఒక ఈవెంట్ (ఒక థ్రెడ్ ఇంకోదాన్ని లేపే గంట లాంటిది) చాలు. వర్కర్ ఆ ఈవెంట్ మీద ముప్పై సెకన్ల టైమౌట్‌తో వెయిట్ చేస్తుంది. లేచాక ముందు ఈవెంట్‌ను క్లియర్ చేసి, ఆ తర్వాతే టేబుల్ చూడాలి. తలకిందులుగా చేస్తే, చూడటానికీ క్లియర్ చేయడానికీ మధ్య పడ్డ వరుస తర్వాతి టైమౌట్ దాకా ఆగుతుంది. ఎవరూ లేపకపోయినా ముప్పై సెకన్లకోసారి లేచి, సమయం వచ్చిన వరుసలేమైనా ఉన్నాయేమో చూసుకుంటుంది. మీ పాత పట్టీ, కొత్త పట్టీ గొడవ కూడా ఇక్కడే తేలిపోతుంది. పంపే క్షణంలో వర్కర్ పట్టీని డేటాబేస్‌లోంచి చదువుతుంది కదా, సవరణ జరిగి ఉంటే సవరించిన మొత్తమే వెళ్తుంది. అదే పట్టీకి రెండో వరుస ఉంటే మొదటిదాన్ని రద్దు చేయండి.

పంపబోయే ముందు స్థితిని 'పంపుతోంది' అని మార్చి కమిట్ చేయండి, గేట్‌వే జవాబు వచ్చాక 'వెళ్లింది' అని మార్చండి. ఈ రెంటికీ మధ్య కరెంటు పోతే? ప్రోగ్రాం మళ్లీ తెరిచినప్పుడు 'పంపుతోంది' దగ్గర ఆగిన వరుసలు కనపడతాయి. అవి వెళ్లాయో లేదో మీ డేటాబేస్ చెప్పలేదు, ఏ టూల్ కొన్నా ఈ సందు పూర్తిగా మూసుకుపోదు. రెండుసార్లు వెళ్తే నష్టమా, ఒక్కసారీ వెళ్లకపోతే నష్టమా అని మీరే నిర్ణయించాలి. పట్టీ మెసేజీ రెండుసార్లు వస్తే రైతు ఒకటి తీసేస్తాడు, కాబట్టి మళ్లీ పంపండి. రేపు ఇదే టేబుల్‌తో రైతు ఖాతాకు డబ్బు పంపడం మొదలుపెడితే మాత్రం అలా చేయకండి. ప్రతి చెల్లింపుకూ మీ వైపు నుంచి మారని ఒక రిఫరెన్స్ నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే అవతలి సిస్టం తిరస్కరించేలా ఉంటేనే ఆటోమేటిక్‌గా మళ్లీ ప్రయత్నించాలి. లేదంటే ఆ వరుసను 'చూడాలి' అని పక్కన పెట్టి మనిషి చేత చూపించండి.

ఎస్‌క్యూలైట్‌ను వాల్ మోడ్‌లో (మార్పులను ముందు విడి లాగ్ ఫైలులో రాసే పద్ధతి) పెట్టండి, వర్కర్ రాస్తున్నా స్క్రీను చదువుకోగలుగుతుంది. దాంతో పాటు సింక్రనస్‌ను (మార్పులు డిస్కుకు చేరాయని ఎంత గట్టిగా చూసుకోవాలో చెప్పే సెట్టింగు) నార్మల్ చేయమనే సలహా కూడా మీకు కనపడుతుంది. వాల్ మోడ్‌లో నార్మల్ పెడితే కరెంటు పోయినా ఫైలు పాడవదు కానీ, చివర కమిట్ అయిన కొన్ని మార్పులు వెనక్కి పోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఓనరుకు కూడా గుర్తులేని దుకాణాలు మనవి. ఫుల్‌లోనే ఉంచండి. పట్టీలు కొట్టే వేగానికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

మళ్లీ ప్రయత్నించడం గురించి. వర్కర్ లోపల స్లీప్ పెట్టి అదే మెసేజీని మూడుసార్లు ప్రయత్నించే కోడ్ రాయకండి, వెనక ఉన్నవన్నీ దానితో పాటే ఆగుతాయి. విఫలమైతే 'మళ్లీ ఎప్పుడు' కాలమ్‌లో సమయం రాసి తర్వాతి వరుసకు వెళ్లిపోవాలి. ఒక నిమిషం, ఐదు, పదిహేను, తర్వాత గంట, ఇలా పెంచుకుంటూ పోయి ఎక్కడో ఆపండి. అయితే అన్ని ఎర్రర్లూ ఒకటి కావు. నెట్ లేకపోవడం, సర్వరు 503 (ఇప్పుడు సేవ అందదనే జవాబు) ఇవ్వడం తాత్కాలికం. ఫోను నంబరులో తొమ్మిది అంకెలే ఉండటం తాత్కాలికం కాదు. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2018 నిబంధనలొచ్చాక వ్యాపార మెసేజీల టెంప్లేట్లను డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వేదిక) ముందే నమోదు చేయాలి కదా. 'కమీషన్' పక్కన ఒక పదం మీరు కొత్తగా చేర్చి, నమోదైన టెంప్లేటుతో అది సరిపోకపోతే వెయ్యిసార్లు పంపినా వెళ్లదు. అలాంటివాటిని వెంటనే 'విఫలం' అని గుర్తుపెట్టి, స్క్రీను మూల ఎర్ర అంకెతో గుమస్తాకు చూపించండి. టెంప్లేట్ తెలుగులో రాస్తే ఒక మెసేజీకి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. అయినా తెలుగులోనే పంపండి, చదవాల్సింది రైతు.

ఇంకొకటి, వెబ్ సర్వర్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో టైమౌట్ మీరు ఇవ్వకపోతే దానంతటది ఉండదు. అవతలి సర్వరు కనెక్షన్ తీసుకుని మౌనంగా ఉండిపోతే మీ వర్కర్ కూడా అక్కడే ఉండిపోతుంది. ఒక్క వర్కర్ ఉన్న ఏర్పాటులో ఇది ప్రాణాంతకం. కనెక్షన్‌కు 5 సెకన్లు, జవాబుకు 15 సెకన్లు ఇవ్వండి.

ప్రింటరు క్యూకు మాక్స్‌సైజ్ పెట్టడం మరవకండి. ఏమీ ఇవ్వకపోతే దానికి హద్దు లేదు. సరుకు పోటెత్తి యార్డు నిండిపోయినప్పుడు సెలవు ప్రకటించి, కొన్నాళ్లు టిక్కీలు తేవద్దని రైతులకు చెబుతారు చూడండి, క్యూకు హద్దు అంటే అదే: లోపల ఖాళీ లేదని బయటివాళ్లకు ముందే తెలియడం. హద్దు లేకపోతే ఏమవుతుందో చెబుతాను. ప్రింటరులో కాగితం అయిపోతుంది, గుమస్తా చూడడు, కాగితం రావడం లేదని బటన్ నొక్కుతూనే ఉంటాడు. కాగితం పెట్టగానే అదే పట్టీ పదిహేను కాపీలు బయటికొస్తాయి, ఆ తర్వాత ఏది అసలుదో తేల్చుకోవాలి. హద్దు 10 పెట్టి, పుట్ నోవెయిట్ వాడి, ఫుల్ ఎర్రర్ వస్తే 'ప్రింటరు చూడండి' అని స్క్రీను మీద చెప్పండి. మామూలు పుట్ వాడితే క్యూ నిండినప్పుడు మెయిన్ థ్రెడ్డే ఆగి కూర్చుంటుంది, మొదట మీరు తప్పించుకున్న బిగుసుకుపోవడం తిరిగి వస్తుంది.

ప్రోగ్రాం మూసేటప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టుకోండి. డీమన్ థ్రెడ్ అయితే ప్రోగ్రాం ముగియగానే ఉన్నపళంగా ఆగిపోతుంది, పట్టీ సగం అచ్చయి ఉన్నా సరే. డీమన్ కాకపోతే అది ముగిసేదాకా ప్రోగ్రాం మూసుకోదు, గెట్ దగ్గర నిద్రపోతున్న థ్రెడ్ ఎప్పటికీ ముగియదు, టాస్క్ మేనేజర్‌లో దయ్యంలా మిగిలిపోతుంది. డీమన్ కాకుండానే ఉంచి, మూసే బటన్‌లో ప్రింటరు క్యూ చివర నన్ (None, పైథాన్‌లో 'ఏమీ లేదు' అనే విలువ) వేయండి, గెట్‌కు నన్ వస్తే వర్కర్ లూప్ విరిచి బయటికొస్తుంది. నెట్ వర్కర్‌కు ఆపమని ఒక ఫ్లాగ్ పెట్టి ఈవెంట్‌తో లేపండి. పైథాన్ 3.13లో క్యూకు షట్‌డౌన్ అనే మెథడ్ వచ్చింది, ఆ వెర్షన్ వాడుతుంటే నన్ అవసరం లేదు. దుకాణాల్లో ఇంకా విండోస్ 7 మెషీన్లుంటాయి, వాటిలో ఆ వెర్షన్ నడవదు కాబట్టి నేను నన్ దగ్గరే ఉన్నాను.

మీరు అడిగిన థ్రెడ్ పూల్‌లో తప్పేమీ లేదు, మాక్స్ వర్కర్స్ 1 ఇస్తే అది కూడా ఒక క్యూ, ఒక థ్రెడ్డే. కానీ దాని లోపలి క్యూకు హద్దు లేదు. పైగా పనిలో వచ్చిన ఎర్రర్ ఫ్యూచర్ ఆబ్జెక్టులో (పని ఫలితం వచ్చి చేరే చోటు) దాక్కుంటుంది, మీరు రిజల్ట్ అడిగితే తప్ప బయటికి రాదు. మీకున్న రోగమే అది, మందుగా ఎందుకు?

సెలరీకి రెడిస్ లాంటి బ్రోకరు (పనులను మధ్యలో పట్టి ఉంచే విడి సర్వరు) కావాలి, అది పడిపోతే చూసే మనిషి కావాలి. ఒక పీసీ ఉన్న కమీషన్ దుకాణానికి అది భారం. ప్రోగ్రాంను వెబ్‌కు మార్చి నాలుగైదు దుకాణాలకు ఇచ్చే రోజు వస్తే లెక్క మారుతుంది. అప్పుడు గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వరు) కింద ఒక్కో వర్కర్ ప్రాసెస్‌కూ ఒక్కో మెమరీ, ఒక్కో క్యూ ఉంటాయి. ప్రీలోడ్ (ప్రోగ్రాంను ముందే ఒకసారి లోడ్ చేసే సెట్టింగు) పెట్టి, ఫోర్క్‌కు (ప్రాసెస్ తన కాపీని పుట్టించడానికి) ముందే మీ థ్రెడ్ మొదలుపెడితే పిల్ల ప్రాసెస్‌లలో ఆ థ్రెడ్ ఉండనే ఉండదు. అప్పుడు వర్కర్‌ను వేరే ప్రాసెస్‌గా నడపండి. టేబుల్ ఉంది కాబట్టి కోడ్ పెద్దగా మారదు. ఇప్పటికి మాత్రం రెండో కాపీ తెరుచుకోకుండా చూసుకోండి: ఐకాన్ మీద గుమస్తా రెండుసార్లు డబుల్ క్లిక్ చేస్తే రెండు ప్రోగ్రాంలు, రెండు వర్కర్లు ఒకే టేబుల్ మీద పడతాయి. మొదలవగానే లోకల్‌హోస్ట్‌లో (అదే పీసీ లోపలి నెట్ అడ్రసు) ఒక పోర్టు పట్టుకోవడం, దొరక్కపోతే నిష్క్రమించడం తేలిక ఉపాయం.

పీడీఎఫ్ తయారీ ఒక్కదానికి జాగ్రత్త. అది నెట్ కోసం వేచి ఉండే పని కాదు, సీపీయూ తినే పని. మామూలు పైథాన్‌లో గిల్ (పైథాన్ లోపలి ఒక పెద్ద లాక్) వల్ల ఒకసారి ఒక థ్రెడ్డే పైథాన్ కోడ్ నడపగలదు, కాబట్టి పెద్ద నివేదికలు తయారవుతున్నప్పుడు స్క్రీను మళ్లీ నత్తినత్తిగా కదులుతుంది. ఒక పేజీ పట్టీకి ఇది కనపడదు. సీజన్ మొత్తం లెడ్జరును పీడీఎఫ్ చేయాలంటే మాత్రం మల్టీప్రాసెసింగ్‌కు (పనిని విడి ప్రాసెస్‌లో చేయించడం) వెళ్లండి.

ఇవన్నీ మార్చాక దుకాణానికి పంపేముందు మీ టేబుల్ దగ్గరే ఒక పూట పాడుచేసి చూడండి. నెట్ కేబుల్ పీకి ఇరవై పట్టీలు కొట్టండి. వాటిలో రెండు సవరించండి. ప్రింటరులో కాగితం తీసేసి బటన్ పదే పదే నొక్కండి. కేబుల్ తిరిగి పెట్టి, మెసేజీలు వెళ్తుండగా పీసీ ప్లగ్ లాగేయండి. ల్యాప్‌టాప్ అయితే టాస్క్ మేనేజర్‌లో చంపండి, అది ప్లగ్ లాగినంత కఠినం కాదు గానీ వర్కర్‌కు తేడా తెలియదు. మళ్లీ తెరిచాక ప్రతి పట్టీకీ టేబుల్‌లో ఒక స్థితి ఉండాలి, సవరించిన రెంటికీ కొత్త మొత్తమే వెళ్లి ఉండాలి. ఏ వరుసైనా 'పంపుతోంది' దగ్గరే ఇరుక్కుని కదలకపోతే దాని చివరి ఎర్రర్ కాలమ్‌లో ఏముందో రాయండి, చూద్దాం.